రుద్రమ మారువేషం వేయలేదు

ఇప్పుడు పుస్తకాలు మారుతున్నాయి కానీ, మనలో చాలామంది ఏడో తరగతిలో చదివింది పాత ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకమే. అందులో ఢిల్లీ సుల్తానుల పాఠంలో రజియా గురించి చెబుతూ పక్కనే మన రుద్రమదేవి పేరు వస్తుంది. రజియా తాను ఇల్‌తుత్‌మిష్ కూతురినని శాసనాల్లోనూ నాణేల మీదా చెప్పుకుందనీ, రుద్రమ మాత్రం పేరు మార్చుకుని మగవాడిలా నటించిందనీ దాని సారాంశం. ఆ వెంటనే పాఠం కాశ్మీరు రాణి దిద్దా దగ్గరికి వెళ్లిపోతుంది.

వరంగల్లోనో విజయవాడలోనో చదువుకునే మన పిన్ని పిల్లలకీ, మామయ్య పిల్లలకీ కాకతీయుల గురించి ఇంతకంటే ఎక్కువే తెలుస్తుంది. ఢిల్లీలో, నోయిడాలో, ఫరీదాబాద్‌లో చదివే మనకు దక్కేది ఆ ఒక్క ముక్కే. మిగతాది ఫ్యాన్సీ డ్రెస్ పోటీల్లో అట్ట కత్తి, గుర్రం బొమ్మ. లేకపోతే 2015లో వచ్చిన సినిమా. ఆ సినిమాలో కూడా కథంతా ఆమె ఆడపిల్లన్న రహస్యం ఎప్పుడు బయటపడుతుందా అన్నదాని చుట్టూ తిరుగుతుంది.

అసలు అలాంటి రహస్యం ఉందా అన్నదే నా అనుమానం. మారువేషం అంటే ఎదుటివాడికి తెలియకూడదు కదా. రుద్రమ సంగతి తెలియనిది ఎవరికి? నిడదవోలు చాళుక్య వంశానికి చెందిన వీరభద్రుడితో ఆమెకు పెళ్లయింది. ముమ్మడమ్మ, రుయ్యమ్మ వంటి కూతుళ్లున్నారు. ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడే ఆమె తరువాత రాజయ్యాడు. పెళ్లీ పిల్లలూ మనవడూ ఉన్న మనిషి తాను మగవాడినని ఓరుగల్లు జనాన్ని ఎలా నమ్మిస్తుంది?

ఇరుగుపొరుగు రాజ్యాలకూ తెలుసు. దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రి సంస్కృతంలో రాసిన గ్రంథంలో ఆమెను స్త్రీగానే పేర్కొన్నాడు. ఆ శతాబ్దం చివర్లో తూర్పు తీరం మీదుగా వెళ్లిన వెనిస్ వర్తకుడు మార్కో పోలోకీ తెలుసు. మోటుపల్లి రేవు పేరుతో ఆ రాజ్యాన్ని 'ముత్‌ఫిలి' అని రాసి, అక్కడ ఒక రాణి ఎంతో న్యాయంగా పాలించిందని మెచ్చుకున్నాడు. కాకపోతే ఆమెను పోయిన రాజుగారి భార్యగా రాసేశాడు. కూతురికి సింహాసనం వస్తుందన్న ఊహ ఆయనకు తట్టలేదు కాబోలు.

వరంగల్ కోటలో స్వయంభూ శివాలయం శిథిలాల దగ్గర సింహం మీద కూర్చున్న ఒక యోధురాలి శిల్పం ఉంది. అది రుద్రమదేనని పండితులు భావిస్తారు. రాజులనే ఏనుగుల పాలిటి సింహం అని అర్థం వచ్చే 'రాయగజకేసరి' ఆమె బిరుదు. మగవాడినని నమ్మించాలనుకున్న మనిషి, రాజధాని నడిబొడ్డున ఉన్న గుడిలో తనను ఆడరూపంలో చెక్కనిస్తుందా?

మరి శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అని ఎందుకుంది? అది మనిషి పేరు కాదు, కుర్చీ పేరు అని నా అభిప్రాయం. వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు గణపతిదేవుడికి పెదనాన్న. ఆ పేరుతో ఇచ్చిన ఆజ్ఞకు అప్పటికే వందేళ్ల విలువ ఉంది. ఏ అధికారి సంతకం పెట్టినా కింద పడే స్టాంపు మాత్రం ఆ పదవిదే అయినట్టు. ఇంట్లో రోజూ ఆఫీసు కాగితాలు చూసే మనకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. మగ దుస్తుల సంగతి నిజంగా రాతపూర్వకంగా దొరికేది రజియా విషయంలో. ఆమె పరదా వదిలేసి, మగవాళ్ల అంగీ, టోపీ ధరించి, అందరూ చూస్తుండగా ఏనుగెక్కేదని ఆ కాలపు చరిత్రకారుడు మిన్హాజ్ రాశాడు. ఆమెను 'సుల్తాన్' అనే పిలిచాడు. పాలకుడికి కావలసిన లక్షణాలన్నీ ఉన్నాయనీ, మగవాడిగా పుట్టకపోవడంతో అవన్నీ ఎందుకూ కొరగాలేదనీ విచారించాడు. ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ కూడా తన మాటల్లో తనను తరచు 'ప్రిన్స్' అని చెప్పుకునేది. ఆమె మగవాడిలా నటించిందని ఎవరూ అనరు. మన రుద్రమకే ఆ మాట ఎందుకు అంటగట్టాలి?

ఇంత వాదన ఎందుకంటే, వేషం గురించి మాట్లాడుతున్నంత సేపూ అసలు ప్రశ్న పక్కకు పోతుంది. సింహాసనం ఎక్కిన రోజు ఆమె ముందున్న పని ఏమిటి? ఎవరితో చేయించాలి?

ఆ రోజును ఒకసారి ఊహించండి. గణపతిదేవుడు 1199లో రాజయ్యాడు. అరవై ఏళ్లకు పైగా పాలించాడు. ఓరుగల్లులో అప్పుడు బతికున్నవాళ్లలో ఎక్కువమందికి మరో రాజు తెలియడు. కొడుకులు లేరు. 1260 ప్రాంతం నుంచే కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరి పేరునా పాలన సాగించాడు. 1262 నుంచి బరువంతా ఆమె మీదే పడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే దక్షిణాన పాండ్యులు నెల్లూరు దగ్గర ముత్తుకూరులో కాకతీయ సైన్యాన్ని ఓడించారు. ఓటమి ఎరగడని పేరున్న గణపతిదేవుడి చివరి యుద్ధం అలా ముగిసింది. నెల్లూరు సీమ చేజారింది. తూర్పున గోదావరి వైపు కళింగ గజపతులు చొచ్చుకొచ్చారు. పడమట దేవగిరి యాదవులు సమయం కోసం కాచుకుని ఉన్నారు.

ఇవన్నీ బయటి శత్రువులు. నా దృష్టిలో అసలు చిక్కు లోపల ఉంది. కాకతీయుల సైన్యం అంటే రాజధానిలో జీతం తీసుకునే సైన్యం ఒక్కటే కాదు. రాజ్యాన్ని నాయకులకు పంచి ఇచ్చేవారు. ఆ భూమి రాబడి నాయకుడిది. బదులుగా రాజు పిలిచినప్పుడు ఇన్ని గుర్రాలు, ఇంతమంది భటులతో రావాలి. దీన్నే నాయంకర పద్ధతి అంటారు. పిలిస్తే వస్తారన్న నమ్మకం మీద నడిచే ఏర్పాటు ఇది. పిలిచే గొంతు మారినప్పుడు ఎంతమంది వస్తారు?

అందరూ రాలేదు. హరిహరదేవుడు, మురారిదేవుడు అనే సవతి సోదరులు తిరగబడి కోటను పట్టుకున్నారని ప్రతాపరుద్ర చరిత్ర చెబుతుంది. ఆ గ్రంథం తరవాతి కాలానిది. ఆ ఇద్దరి పేర్లకు శాసనాల ఆధారం లేదు. కాబట్టి ఆ కథను ఉన్నదున్నట్టు నమ్మమని నేను చెప్పను. కానీ కలత జరగలేదని కూడా అనలేం. ఎందుకంటే రేచర్ల ప్రసాదిత్యుడు అనే సేనానికి 'కాకతీయ రాజ్య స్థాపనాచార్య' అనే బిరుదు వచ్చింది. కదలని రాజ్యాన్ని మళ్లీ 'స్థాపించాల్సిన' అవసరం ఎవరికుంటుంది?

అతనితో పాటు కాయస్థ జన్నిగదేవుడు, త్రిపురారి, వర్ధమానపురం గోన గన్నారెడ్డి ఆమె వైపు నిలబడ్డారు. గోదావరి సీమలో పోతినాయకుడు, ప్రోలినాయకుడు గజపతులను వెనక్కి తరిమారు. వీళ్లందరూ దయతలచి ఆమెకు రాజ్యం నిలబెట్టారని కొందరు రాస్తారు. నాకది నచ్చదు. ఎవరిని ఎక్కడ ఉంచాలో, ఎవరికి ఏ సీమ ఇవ్వాలో నిర్ణయించింది ఆమె కదా. పెద్ద సామంత వంశాల బలం మీదే ఆధారపడకుండా, చిన్న కుటుంబాల నుంచి వచ్చిన నాయకులకు ఆమె కాలంలో పదవులు ఎక్కువగా దక్కాయని శాసనాలు పరిశీలించిన చరిత్రకారులు అంటారు. వంశం గొప్ప చెప్పుకోలేనివాడు తనకు పదవి ఇచ్చిన రాణిని వదిలి ఎక్కడికి పోతాడు? ఇది కత్తి తిప్పడం కంటే కష్టమైన విద్య.

'ఆడమనిషి పాలన అప్పట్లో ఊహకందని విషయం' అనే మాట కూడా సగమే నిజం. రుద్రమ తోబుట్టువు గణపాంబ, భర్త కోట బేతరాజు చనిపోయాక, ధరణికోట ప్రాంతాన్ని తన సొంత పేరుతోనే పాలించింది. గుంటూరు జిల్లా యనమదల శాసనం ఆమెది. సామంత రాజ్యంలో అది చెల్లింది. గొడవంతా సామంతులు తలవంచాల్సిన పెద్ద సింహాసనం దగ్గర వచ్చింది.

యాదవ మహాదేవుడి దండయాత్ర గురించి రెండు కథలున్నాయి. హేమాద్రి ప్రకారం తన రాజు గెలిచి కూడా, ఆడదాన్ని చంపడం ఇష్టం లేక రుద్రమను వదిలిపెట్టాడు. తెలుగు కథ ప్రకారం రుద్రమ అతన్ని దేవగిరి దాకా తరిమి, కోటి బంగారు నాణేలు కట్టించుకుంది. రెండూ సొంత డబ్బాలే. అయితే బీదర్ కోటలో ఒక కన్నడ శాసనం దొరికింది. రుద్రమ సామంతుడైన సింద వంశపు భైరవుడు దాన్ని వేయించాడు. బీదర్ యాదవుల ఏలుబడిలోని చోటు. ఓడి, జాలితో వదిలేయబడిన రాణిగారి మనిషి అక్కడ శాసనం ఎలా వేయిస్తాడు? కోటి నాణేల లెక్క నేను నమ్మను కానీ, హేమాద్రి మాట మాత్రం అందని ద్రాక్ష పుల్లన అన్నట్టే ఉంది.

ఇక మన ఢిల్లీ సంగతి. తుర్క్‌మాన్ గేటు లోపల బుల్‌బులీ ఖానా సందుల్లో, ఇళ్ల మధ్య ఇరుక్కుని, పైకప్పు లేని రెండు సమాధులుంటాయి. వాటిలో ఒకటి రజియాదని చెబుతారు. మెట్రో దిగి నడిచి వెళ్లొచ్చు. చూసినవాళ్లు మన క్లాసులో ఎంతమంది ఉన్నారో నాకు అనుమానమే.

రజియా రుద్రమ కంటే పాతికేళ్ల ముందు, 1236లో గద్దెనెక్కింది. ధైర్యానికీ తెలివికీ ఏ మాత్రం తక్కువ కాదు. తండ్రి గ్వాలియర్ మీదికి వెళ్లినప్పుడు ఢిల్లీ వ్యవహారాలు ఆమే చూసుకుంది. అయినా మూడున్నరేళ్లకే అంతా అయిపోయింది. 1240లో కైథల్ దగ్గర చనిపోయింది. రుద్రమ దాదాపు ఇరవై ఏడేళ్లు ఎలా నిలబడగలిగింది?

నాకు తోచిన కారణం ఒకటే. మన ఇళ్లలో బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు చూస్తుంటాం కదా. పాత అధికారి కొన్నాళ్లు ఉండి, ఫైళ్లు చూపించి, మనుషులను పరిచయం చేసి ఛార్జి అప్పగిస్తే కొత్తవాళ్ల పని ఒక రకం. ఆయన రాత్రికి రాత్రి వెళ్లిపోతే ఇంకో రకం. రుద్రమకు తండ్రి బతికుండగానే ఛార్జి దొరికింది. నాయకులందరూ ముసలి రాజు కళ్లెదుటే ఆమె ఆజ్ఞలు పాటించాల్సి వచ్చింది. ఇల్‌తుత్‌మిష్ కూడా కూతురినే వారసురాలిగా అనుకున్నాడు. కానీ ఆయన పోగానే తుర్కు అమీర్లు కొడుకు రుక్నుద్దీన్‌ను గద్దెనెక్కించారు. కొన్ని నెలల గందరగోళం తర్వాత ఢిల్లీ జనం మద్దతుతో రజియా అధికారం తీసుకుంది. తనకంటూ మనుషులను తయారు చేసుకుందామని అబిసీనియా వాడైన యాకూత్‌కు గుర్రపుశాలల పెద్ద పదవి ఇస్తే, అమీర్లు దాన్నే సాకు చేసుకున్నారు. రుద్రమ చేసిన పనే ఆమె కూడా మొదలుపెట్టింది. పూర్తి చేసే వ్యవధి దొరకలేదు.

ఇంగ్లండులో ఎలిజబెత్‌కు ఛార్జి అప్పగించినవాళ్లే లేరు. 1558 నవంబరు 17న అక్క మేరీ చనిపోతే, ఇరవై ఐదేళ్ల వయసులో రాణి అయింది. ఖజానా అప్పుల్లో ఉంది. అదే ఏడాది మొదట్లో ఫ్రాన్సులో మిగిలిన ఆఖరి చోటు కలే కూడా పోయింది. స్కాట్లండు రాణి మేరీ ఫ్రెంచి యువరాజును పెళ్లాడి, ఇంగ్లండు గద్దె కూడా తనదే అనసాగింది. వీటన్నిటికీ మించింది మతం. అక్క కాలంలో దాదాపు 280 మంది ప్రొటెస్టెంట్లను సజీవంగా తగలబెట్టారు. చెల్లెలు ప్రొటెస్టెంటు. ఇప్పుడు ఎవరి వంతో అని దేశమంతా చూస్తోంది. 1559లో ఆమె ప్రభుత్వం తెచ్చిన చట్టాల్లో ప్రార్థన పద్ధతికి సంబంధించినది పైసభలో మూడే ఓట్ల తేడాతో గట్టెక్కింది. చర్చికి 'అధిపతి' అనే బిరుదు తండ్రిలా తీసుకోకుండా, 'గవర్నర్' అనే చిన్న మాటతో సరిపెట్టుకుంది. అధిపతిగా ఒక స్త్రీ ఉండడాన్ని ఒప్పుకోనివాళ్లు రెండు పక్కలా ఉన్నారు మరి. ముఖ్య కార్యదర్శిగా పెద్ద ప్రభువుల ఇంటివాడిని కాకుండా విలియం సెసిల్‌ను పెట్టుకుంది. ఇక్కడా అదే ఎత్తు. (ఈస్టిండియా కంపెనీకి 1600లో పట్టా ఇచ్చింది ఈవిడే. అది వేరే కథ.)

రుద్రమకు అలాంటి మతం చిక్కు లేదు కానీ, గద్దెకు గురువుల అండ అవసరం ఆమెకూ ఉంది. కాకతీయ వంశం మొదట్లో జైనం వైపు ఉండి, తర్వాత శైవంలో స్థిరపడింది. గణపతిదేవుడికి దీక్ష ఇచ్చిన గోళకీ మఠం గురువు విశ్వేశ్వర శివాచార్యుడు. 1261 నాటి మల్కాపురం శాసనంలో ఆయనకు రెండు ఊళ్లు ఇచ్చిన సంగతి ఉంది. మందడం తండ్రి ఇస్తానన్నది. దాన్ని ఖాయం చేస్తూ వెలగపూడిని కూడా రుద్రమ కలిపి ఇచ్చింది. వాటి రాబడితో గుడి, మఠం, చదువుకునేవాళ్లకు వసతి, ప్రసూతిశాల నడిచాయి. కులం చూడకుండా అన్నం పెట్టే సత్రం కూడా నడిచింది. పాలన మొదట్లోనే ఇచ్చిన ఈ దానంలో భక్తీ ఉంది, లెక్కా ఉంది. గురువు తన వైపు ఉన్నాడని కృష్ణ ఒడ్డున ఉన్న జనమంతా చూశారు. ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఇప్పుడున్నది ఆ వెలగపూడిలోనే. అక్కడ పనిచేసే ఉద్యోగుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

ఇలా రాస్తున్నానని ఆమె అన్నీ గెలిచిందని అనుకోవద్దు. తాను నమ్మిన కాయస్థుల ఇంట్లోంచే పెద్ద దెబ్బ వచ్చింది. జన్నిగదేవుడు, త్రిపురారి తర్వాత వచ్చిన తమ్ముడు అంబదేవుడు వల్లూరు కేంద్రంగా స్వతంత్రుడయ్యాడు. 1290లో త్రిపురాంతకంలో వేయించిన శాసనంలో తాను ఓడించినవాళ్ల జాబితా గర్వంగా చెప్పుకున్నాడు. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నవంబరు నాటి శాసనం చిన్నది. రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం కలగాలని పువ్వుల ముమ్మడి అనే భటుడు ఇచ్చిన దానం అది. రాణీ సేనానీ ఒకేసారి పోయారంటే అది యుద్ధంలోనేననీ, ఆ యుద్ధం అంబదేవుడితోనేననీ చాలామంది చరిత్రకారుల ఊహ. అప్పటికామె వృద్ధురాలు. ఆ శాసనంలో ఆమె పేరు రుద్రదేవ మహారాజు కాదు, రుద్రమదేవి. ప్రభువు పోయిన తర్వాత ఒక మామూలు భటుడు ఆమెను తలచుకున్నది ఆ పేరుతోనే. 'నటించింది' అనేవాళ్లు ఈ ఒక్క రాయినీ చదివితే చాలనిపిస్తుంది నాకు.

కొత్త పుస్తకాలు రాసేవాళ్లు ఎప్పుడైనా మళ్లీ ఆమెకు రెండు వాక్యాలే ఇస్తే, అందులో ఒకటి ఓరుగల్లు గోడ గురించి ఉండాలని నా కోరిక. తండ్రి మొదలుపెట్టిన రాతి కోటను ఆమె ఇంకా ఎత్తు పెంచింది. దాని చుట్టూ వెలుపల మట్టికోటనూ, కందకాన్నీ కట్టించింది. ఆమె పోయిన ఇరవై ఏళ్లకు, 1310లో, అల్లావుద్దీన్ ఖిల్జీ పంపిన మాలిక్ కాఫుర్ సైన్యం ఢిల్లీ నుంచి వచ్చి ఆ మట్టిగోడ ముందు ఆగాల్సి వచ్చింది. ఉక్కు ఈటె కూడా దిగనంత గట్టి గోడ అని దాన్ని వర్ణించింది శత్రుపక్షపు కవి అమీర్ ఖుస్రో. మనం నిజాముద్దీన్ దర్గాకు వెళ్తే కనిపించే సమాధుల్లో ఆయనది కూడా ఒకటి. చివరికి బయటి గోడ పడింది, ప్రతాపరుద్రుడు సంధి చేసుకున్నాడు. ఆ రాజు పేరును ఖుస్రో, ఢిల్లీ చరిత్రకారులు తమ నోరు తిరిగినట్టు 'లద్దర్ దేవ్' అని రాసుకున్నారు. అంటే రుద్రదేవుడు. అమ్మమ్మ శాసనాల్లో ఉన్న పేరే.